రంగు పట్టనివి

ప్రయోగశాల, సూక్ష్మదర్శినుల గది
సోమవారం

వదినకి,

శనివారం మా పెద్దసారు నాచేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అన్నయ్య యంత్రానికి పరీక్షలు పూర్తయ్యేదాకా నేను అన్నయ్యతో గాని, అతని ఇంట్లోవాళ్ళతో గాని ఫోన్లో మాట్లాడకూడదు, ఎదురుపడి మాట్లాడకూడదు. ఉత్తరాల ఊసు అందులో లేదు. ఈ రోజుల్లో ఇంకా ఉత్తరాలు రాసుకునేవాళ్ళు ఉంటారని ఆయనకి తట్టలేదు. ఆ కాగితం నేను రెండుసార్లు చదివి మరీ సంతకం పెట్టాను.

"ఇంతకీ నువ్వు అక్కడ చేసే పనేమిటి?" అని మొన్న అడిగావు. అన్నయ్యని అడిగితే గంటసేపు చెప్పి, చివర్లో నీ చేతికే ఏదో స్పానరు ఇస్తాడు. అందుకని నేనే చెప్తాను.

సరుకు లేని ఓడ బరువు కోసం కడుపునిండా సముద్రపు నీళ్ళు పట్టుకుంటుంది. ఇంకో రేవుకి వెళ్ళి సరుకు ఎక్కించుకునేటప్పుడు ఆ నీళ్ళన్నీ అక్కడ కక్కేస్తుంది. వాటితోపాటు కంటికి ఆనని పురుగులు లక్షల్లో టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేసి, కొత్తచోట దిగి, అక్కడ ముందునుంచీ ఉన్నవాటి తిండి లాక్కుని కాపురం పెట్టేస్తాయి. అందుకే ఓడలో ఉండగానే వాటిని చంపెయ్యాలని రూలు. చంపే యంత్రం చేసేవాడు అన్నయ్య. చచ్చాయో లేదో చూసేదాన్ని నేను. మా అమ్మకి ఇద్దరు పిల్లలు, ఇద్దరం ఈ పురుగుల మీదే పడ్డాం.

ఈ పురుగులకి ఒంటికన్ను, రెండు పొడుగాటి మీసాలు. పుస్తకాల్లో కోపెపాడ్ అంటారు, నేను మీసాలవి అంటాను. చచ్చినదీ బతికినదీ చూపుకి ఒకలాగే ఉంటాయి, ఎందుకంటే బతికినవి కూడా సగంసేపు కదలకుండా పడుంటాయి. సూదితో ఒక్కొక్కదాన్నీ పొడిచి చూడొచ్చు, కానీ అలా పొడుస్తూ కూర్చుంటే నాకు పింఛను వయసు వచ్చేస్తుంది. మా ముందుతరం వాళ్ళు రోజ్ బెంగాల్ అనే గులాబీరంగు వాడేవారు. లోపల కాస్త కండ మిగిలి ఉంటే చాలు, చచ్చి వారమైనదానికి కూడా అది చక్కగా పట్టేది. ఆ రోజుల్లో చాలా శవాలు బతికినవాటి లెక్కలో చేరిపోయాయి.

నేను వాడేది న్యూట్రల్ రెడ్. ప్రాణమున్నది పావుగంటలో ఆ రంగుని లోపలికి లాక్కుంటుంది, పోయినదానికి ఆ ఓపిక ఉండదు. తర్వాత ఫార్మలిన్ పోసి అన్నింటినీ ఒకే దారి పట్టిస్తాను. ఆఖర్న చుక్క ఆసిడ్ వేస్తే ఎరుపు పైకి తేలుతుంది. ఎర్రగా కనిపించేవి నేను చంపేదాకా బతికున్నవి. పాలిపోయి ఉన్నవి అన్నయ్య చంపినవి. లెక్క అంతే.

సీసాల మీద నంబర్లు తప్ప పేర్లుండవు. ఏది ఎవరిదో నాకు తెలియదు, తెలియకూడదు. అన్నయ్యకి ఈ ఉత్తరం చూపించకు.

నీ మరదలు


డ్రైవింగ్ స్కూలు కారు, నేర్పేవాళ్ళ సీటు
గురువారం

ఆడపడుచు గారికి,

ఇవాళ ఒక పెద్దమనిషికి రివర్సు నేర్పాలి. ఆయన ఇంకా రాలేదు. వచ్చినా ముందుకే పోతాడు కాబట్టి నాకేం తొందర లేదు.

నీ ఉత్తరం చదివాక నీ మీద గౌరవం పెరిగింది. ఇన్నాళ్ళూ నువ్వేదో మందుల షాపులాంటి చోట పనిచేస్తున్నావనుకున్నాను. శవపరీక్షలని ఇప్పుడు తెలిసింది.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. ఆ యంత్రం డబ్బా పూర్తయింది. ఇంజను పొగని కడిగి, చల్లార్చి, ఆ గ్యాసుని నీళ్ళలోకి బుడగలుగా పంపిస్తాడట. నీళ్ళలో గాలి అయిపోయి పురుగులు ఊపిరాడక చస్తాయట. మందులక్కర్లేదు, దీపాలక్కర్లేదు, ఓడ ఎలాగూ వదిలే పొగే చాలు. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. మా పెళ్ళిచూపుల్లో కూడా అంత వెలుగు లేదు.

నీకో సంగతి చెప్పాలి. ఇదివరకు దీపాల వెలుగుతో పురుగుల్ని చంపే డబ్బా చేసి ఫెయిలయినప్పుడు నువ్వు పరీక్షలకి చదువుకుంటున్నావని నీకు చెప్పలేదు. మీ అన్నయ్య సోఫాలో గోడవైపు తిరిగి పడుకుని నాలుగు నెలలు లేవలేదు. అన్నం పెడితే తినేవాడు. పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒకరోజు చూద్దామని కావాలనే పెట్టలేదు. సాయంత్రమైనా అడగలేదు. ఆ రోజు నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆయన ఇంకోసారి అలా పడుకుంటే లేపే ఓపిక నాకు లేదు, ఆ సంగతి నీకొక్కదానికే చెప్తున్నాను.

నిన్నేమీ అడగడం లేదు. నీ పని నువ్వు చెయ్యి. ఈ వారం వచ్చే సీసాల్లో ఒకదాని మూతకి పచ్చ టేపు చుట్టి ఉంటుంది. ఊరికే చెప్పాను, మాటల్లో వచ్చింది.

పెద్దమనిషి వచ్చాడు. కారు ఎక్కాడో లేదో, అప్పుడే గేటుకి ఆనించాడు.

వదిన


ప్రయోగశాల, సూక్ష్మదర్శినుల గది
మంగళవారం

వదినకి,

నువ్వు మాటల్లో వచ్చిందని చెప్పిన టేపు వల్ల నాకు చాలా పని పడింది.

నీ ఉత్తరం చదివి నేరుగా పెద్దసారు దగ్గరకి వెళ్ళి, ఆ సీసా ఎవరిదో నాకు తెలిసిపోయింది, దాన్ని వేరేవాళ్ళకి ఇవ్వండి అన్నాను. ఎలా తెలిసిందని అడగలేదు. "వేరేవాళ్ళు అంటే ఎవరమ్మా?" అన్నారు. ఇద్దరం గదంతా చూశాం. ఉన్నది నేనొక్కదాన్నే. ఆయన బజారుకి మనిషిని పంపి పచ్చ టేపు తెప్పించి, సీసాలన్నింటికీ తానే చుట్టారు. వాటిని అటూ ఇటూ మార్చి, "ఇప్పుడు తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. చాలా తృప్తిపడ్డారు.

ఫలితాలు పోస్టులో పంపేశారు కాబట్టి ఇక చెప్పొచ్చు. అన్నయ్య సీసాలో ఒక్కటంటే ఒక్కటి ఎర్రబడలేదు. అన్నీ పాలిపోయి ఉన్నాయి. నంబర్లు విప్పి చూసేదాకా అది అన్నయ్యదని నాకు నిజంగా తెలియదు. తెలిశాక స్టోరుగదిలోకి పోయి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇది మొదటి విడత. నెల పోయాక ఇంకోసారి పంపాలి, అది కూడా ఇలాగే వస్తే సర్టిఫికెట్టు ఇస్తారు. అన్నయ్యకి నా తరఫున ఏమీ చెప్పకు. కానీ ఆ పూట కాస్త మంచి భోజనం పెట్టు.

నీ మరదలు


డ్రైవింగ్ స్కూలు కారు
శనివారం

ఆడపడుచు గారికి,

నీ ఉత్తరం ఫలితం కన్నా మూడు రోజులు ఆలస్యంగా అందింది, ఆ పూటే మంచి భోజనం పెట్టాను. ఆయన తినలేదు.

ఫలితం వచ్చిన రోజు ఇల్లంతా జనం. ఎదురింటి దర్జీ సర్టిఫికెట్టు తీసుకునేటప్పుడు వేసుకోవాలని కొత్త చొక్కాకి కొలతలు తీశాడు. డబ్బా కొంటానన్న ఓడల కంపెనీ ఆయన వచ్చి మీ అన్నయ్య చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ రెండు రోజులూ మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. పాటలు కూడా పాడాడు, వినేవాళ్ళ గురించి ఆలోచించకుండా.

తర్వాత ఏమైందో తెలియదు. మాట తగ్గిపోయింది. ఎవరైనా వచ్చి మెచ్చుకుంటే, పాసైనవాడి పక్కింటివాడిలా కూర్చుంటున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతున్నాడు. దర్జీ చొక్కా పట్టుకొచ్చి వేసి చూస్తే నడుం దగ్గర వదులైంది. కొలతలు తప్పు తీశానని దర్జీ తనని తానే తిట్టుకున్నాడు. తెల్లారగానే షెడ్డుకి వెళ్ళిపోతున్నాడు. ఏంటని అడిగితే "రెండో విడతకి తయారవ్వాలిగా" అంటాడు.

సంతోషం కొందరికి ఇలాగే ఉంటుందేమో. నువ్వు చదువుకున్నదానివి, ఇలాంటివి ఎక్కడైనా చూశావా?

నెల తిరిగింది, రెండో సీసా నిన్న పంపాడు. ఈసారి టేపు గురించి నేనేమీ రాయడం లేదు.

వదిన


ప్రయోగశాల, కిటికీ పక్క బల్ల
బుధవారం

వదినకి,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని నిన్నటినుంచీ చూస్తున్నాను.

రెండో సీసా నాకు సోమవారం వచ్చింది. మొదటిసారి మూతలు పెద్దసారే తీసిచ్చారు గాని ఈసారి నేనే తీశాను, దాచడానికి లేదు, తియ్యగానే సోడా కొట్టినట్టు బుస్సుమంది. గ్యాసుతో పనిచేసే డబ్బా ఈ పరీక్షల్లో అన్నయ్యదొక్కటే. పెద్దసారు చుట్టిన టేపులన్నీ దండగ. ఎప్పటిలాగే సగం నీళ్ళకి రంగు వేసి, ఫార్మలిన్ పోసి, లెక్కపెట్టాను. మళ్ళీ ఒక్కటీ ఎర్రబడలేదు. రూలు ప్రకారం మిగతా సగం పారబోయాలి. మా సింకు జామైంది. ప్లంబరు రేపొస్తానన్నాడు. అందుకని ఆ నీళ్ళని మూల ఉన్న గాజుతొట్టిలో పోసేశాను. అందులో ఉన్నది సన్నటి బట్టలో వడగట్టిన సముద్రపు నీళ్ళు, ఒక్క పురుగు కూడా ఉండదు.

మర్నాడు ప్లంబరు వచ్చాడు. సింకు బాగుచేస్తూ, "మేడమ్, మీ తొట్టిలో దుమ్ము ఎగురుతోంది" అన్నాడు. వెళ్ళి చూశాను. దుమ్ము కాదు, మీసాలవి. తొట్టినిండా ఈదుతున్నాయి. ఒకదాని తోకకి గుడ్ల సంచులు కూడా ఉన్నాయి.

అవి చావలేదు వదినా. అన్నయ్య గ్యాసు వాటికి మత్తు ఇచ్చింది. గ్యాసు కలవని మామూలు సముద్రపు నీళ్ళు తగలగానే లేచి కూర్చున్నాయి. మరి రంగెందుకు పట్టలేదని రాత్రంతా ఆలోచించాను. ఆ గ్యాసు కలిస్తే నీళ్ళు పుల్లబడతాయి. నీళ్ళు పుల్లగా ఉంటే ఈ రంగు ఒంట్లోకి పోదు. గింజలు ఉడక్కముందే పులుపు వేస్తే ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా ఉడకవు చూడు, అలాగ. ఆసిడ్ ఆఖర్న వెయ్యాలి, ఇక్కడ అన్నయ్య డబ్బా ముందే వేసేసింది. ఇవాళ పొద్దున తొట్టిలోవాటిలో కొన్నింటికి రంగు వేసి చూశాను. పావుగంటలో మందారాల్లా ఎర్రగా అయ్యాయి.

ఈ సంగతి ప్లంబరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ప్లంబరు దుమ్మనుకుంటున్నాడు. రూలు పుస్తకంలో రంగు వెయ్యి, లెక్కపెట్టు, పారబోయి అని ఉంది. మర్నాడు లేచి చూడమని లేదు. రూలు ప్రకారం అన్నయ్య పాసైపోయాడు. శుక్రవారం కాగితం ఇవ్వాలి.

నాకు చాలా భయంగా ఉంది. నాకున్నది ఒక్క అన్నయ్య.

మరదలు


ఇల్లు, వంటగది బల్ల
గురువారం

ఆడపడుచుకి,

గారు తీసేశాను. చూసుకో.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. క్లాసు మానేసి ఇంటికి వచ్చి రాస్తున్నాను. నేర్చుకునే అమ్మాయి బయట కారులోనే కూర్చుంది, ఈ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి, బస్టాండులో దింపి, మీ ఊరి బస్సు డ్రైవరుకి ఇమ్మంటాను. రేపు పొద్దున్నే నీకు అందుతుంది.

నిన్ను అబద్ధం రాయమనడం లేదు. రంగు పట్టలేదు. పట్టలేదని రాయి. అది నిజమే కదా? నిన్ను అడిగింది అంతే కదా? మీ సింకు జామవకపోతే నీకూ తెలిసేది కాదు. సింకు జామైనందుకు నా మొగుడు సోఫా ఎక్కాలా?

ఏడేళ్ళు ఆ షెడ్డులో బతికాడు. చేతులు చూశావా ఈ మధ్య? కాలిన మచ్చ లేని చోటు లేదు. పురుగులు లేస్తే లేవనీ. ఎక్కడో ఎవరికీ పేరు తెలియని రేవులో లేస్తాయి. మీ అన్నయ్య పడుకున్నాడంటే మాత్రం నా కళ్ళముందే పడుకుంటాడు.

చెల్లెలిలాంటి దానివని ఇన్నాళ్ళూ నీ దగ్గర ఏదీ మొహమాటపడలేదు. ఇప్పుడూ పడటం లేదు. దయచేసి రాయకు.

వదిన


ప్రయోగశాల, పెద్దసారు గది బయట బెంచీ
శుక్రవారం సాయంత్రం

వదినకి,

నీ ఉత్తరం పొద్దున అందింది. చదివాను. మధ్యాహ్నం కాగితం ఇచ్చేశాను. తొట్టి సంగతి మొత్తం అందులో రాశాను.

పెద్దసారు చదివి, "రూలు పుస్తకంలో మర్నాడు చూడమని లేదుగా?" అన్నారు. లేదన్నాను. "మరెందుకు చూశావు?" అన్నారు. సింకు జామైందన్నాను. ఆయన లేచి వచ్చి, సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయారు. ఒంటికన్ను పురుగు, ఒంటికన్నుతో సారు. చివరికి "ఇది నన్ను చూస్తోందమ్మా" అని, వెళ్ళి సంతకం పెట్టేశారు. సోమవారం అన్నయ్యకి అందుతుంది. గ్యాసు డబ్బాలకి ఇకనుంచి నీళ్ళు మార్చాకే రంగు వెయ్యాలని మిగతా ప్రయోగశాలలకి కూడా రాస్తారట.

నువ్వు అన్నది నిజం. రంగు పట్టలేదని రాస్తే అది అబద్ధం కాదు. నిన్న సాయంత్రం దాకా నేనూ అదే అనుకుని కలం తీశాను. రాయలేకపోయాను వదినా. ఆ తొట్టి నా బల్ల పక్కనే ఉంది. నేను చచ్చాయని రాస్తుంటే అవి ఈదుతున్నాయి.

ఎక్కడో పేరు తెలియని రేవు అన్నావు. అక్కడా వలవేసి బతికేవాళ్ళు ఉంటారు. వాళ్ళ చేపల తిండి ఇవి తినేస్తాయి. వాళ్ళింట్లోనూ ఎవరో ఒకరు గోడవైపు తిరిగి పడుకుంటారు. అప్పుడు వాళ్ళకి ఎందుకిలా అయిందో కూడా తెలియదు. ఇదంతా నిన్ను ఒప్పించడానికి రాయడం లేదు, ఒప్పుకోవని తెలుసు. అన్నయ్య పడుకుంటే నేను సెలవు పెట్టి వస్తాను. తలుపు తీస్తే నీతోపాటు లేపుతాను. తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

నా మీద కోపం ఎన్నాళ్ళుంటుందో ముందే చెప్తే, ఆ లెక్కన సెలవు పెట్టుకుంటాను.

మరదలు


ఇల్లు, వంటగది బల్ల
బుధవారం

ఆడపడుచు గారికి,

గారు మళ్ళీ ఎందుకు పెట్టానో ఆఖరుదాకా చదివితే తెలుస్తుంది.

ముందు నేను నీకు రాయని సంగతి. మొదటి విడత పాసైన మూడో రోజు పొద్దున్నే, టీ ఇద్దామని షెడ్డుకి వెళ్ళాను. మీ అన్నయ్య నేలమీద గొంతుక్కూర్చుని బకెట్లోకి టార్చి వేసి చూస్తున్నాడు. డబ్బాలో మిగిలిన నీళ్ళని, గొట్టాలు కడగడానికి వడగట్టి పట్టిన సముద్రపు నీళ్ళలో పోశాడట, ఆ సంగతి మొన్ననే చెప్పాడు. నన్ను చూసి టార్చి ఆర్పేశాడు. "ఏంటవి?" అంటే "చెత్త" అన్నాడు. చెత్త వెలుగు వైపు ఈదదని నాకు తెలుసు. డ్రైవింగ్ నేర్పే మనిషిని, ఏది తనంతట తాను కదులుతోందో, ఏది కొట్టుకుపోతోందో కనిపెట్టలేనా? రోజూ తెల్లారగానే వెళ్ళి చూసి, పారబోసి వచ్చేవాడు. తిండి మానేసింది ఆ రోజునుంచే.

నాకు తెలుసని మొన్నటిదాకా ఆయనకి తెలియదు. నిన్ను మాత్రం రాయొద్దని బతిమాలాను. అప్పుడు ఇవన్నీ తెలిసే బతిమాలాను. అది నువ్వు క్షమించినా సరే, క్షమించకపోయినా సరే.

సోమవారం కాగితం వచ్చింది. షెడ్డులో నిలబడే చదివాడు. నేను సోఫా మీద బట్టలన్నీ కుప్పపోసి, పడుకోవడానికి చోటు లేకుండా చేసి పెట్టాను. ఇంట్లోకి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "అన్నం ఉందా?" అన్నాడు. వడ్డించాను. తింటూ నిన్ను తిట్టడం మొదలుపెట్టాడు. సొంత అన్న అని కూడా చూడలేదన్నాడు. చిన్నప్పుడు నీకు సైకిలు నేర్పినందుకు తనని తాను తిట్టుకున్నాడు. పెరుగు వేయించుకుని తిట్టాడు. నీతో జన్మలో మాట్లాడనని మూడుసార్లు అని, ఇంకాస్త కూర అడిగాడు. నెల తర్వాత కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, బట్టల కుప్ప పక్కన కాస్త జరుపుకుని కూర్చుని, నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. "నేను చెప్పలేకపోయాను, అదెలా చెప్పింది?" అన్నాడు. అప్పుడు నేనూ ఏడ్చాను. నీ మీద కోపం అక్కడితో సరి.

కంపెనీ ఆయన ఇంక రానని చెప్పేశాడు. దర్జీ చొక్కా వెనక్కి తీసుకోనంటున్నాడు. ముందేమవుతుందో నాకు తెలియదు. ఇప్పుడు ఈ గదిలోనే అటూ ఇటూ తిరుగుతూ, నిన్ను అడగమని ఒకటే గొడవ. లేవడానికి ఎంతసేపు పట్టింది? చిన్నవి ముందు లేచాయా, పెద్దవా? అన్నీ లేచాయా, కొన్ని నిజంగానే చచ్చాయా? నేనేమైనా పోస్టుమ్యానునా, నువ్వే రాసుకో అన్నాను. నీతో మాట్లాడడు కాబట్టి రాయడట. ఇదిగో, కలం లాక్కుంటున్నాడు.

చెల్లీ,
నేను టార్చితో చూసినప్పుడల్లా కళ్ళు తిప్పేసుకున్నాను. సరిగ్గా చూడలేదు. తొట్టి పారబొయ్యకు. పరీక్ష అయిపోయింది కాబట్టి ఎదురుపడొచ్చని మీ సారుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. నాకొక్కడికే సూక్ష్మదర్శిని కావాలి, పక్కన నువ్వుండాలి. మాట్లాడడానికి కాదు, తిట్టడానికి వస్తున్నాను.
అన్నయ్య